ఎవరి పన్నెండు?

"రాసుకోండి అన్నయ్యగారూ. నాలుగు ఒకటి ఏడు. గేటు దగ్గరికి నలభై రెండు. ఎత్తు మూడు ఐదు సున్నా."

"నాలుగు ఒకటి ఏడు. నలభై రెండు. మూడు ఐదు సున్నా," అంది అవతలి గొంతు. ఊపిరి తీసుకున్నంత మామూలుగా మళ్ళీ అందుకుంది. "నాలుగు ఒకటి ఏడు. నలభై రెండు. మూడు ఐదు సున్నా. ఇప్పుడు నాదొకటి రాసుకో చెల్లెమ్మా."

ఆమె రిసీవరును కుడి చెవికి నొక్కిపట్టుకుంది. పట్టుకున్నది ఎడమ చేత్తో. కుడి చెయ్యి రాయాలి గనక ఎడమ మోచెయ్యి గడ్డం కిందుగా అడ్డం వచ్చేది. ఫోను తీగ మెడకు ఒక చుట్టు చుట్టుకునేది. చూసేవాళ్ళకు ఎబ్బెట్టుగా ఉండేది. "హాయిగా ఎడమ చెవికి పెట్టుకోవచ్చుగా" అని ఎవరైనా అంటే, "ఆ వైపు కమ్మ గుచ్చుకుంటోంది" అనేది. రెండేళ్ళుగా గుచ్చుకుంటున్న కమ్మను మార్చుకోదేమని ఎవరూ అడగలేదు.

వేలెడు వెడల్పున్న కాగితపు ముక్క మీద నంబరూ నిమిషమూ వందల అడుగుల లెక్కన ఎత్తూ రాసి, ప్లాస్టిక్ పట్టీలోకి తోసి, ఎదురుగా ఉన్న చట్రంలో పెట్టింది. విమానానికో ముక్క. గేటు దాటగానే తీసి కింద డబ్బాలో వేస్తుంది. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. ఇక్కడి విమానం సరిహద్దు గేటు చేరడానికి పది నిమిషాల ముందు అవతలి దేశపు కంట్రోలుకు ఫోను చేసి ఫలానాది వస్తోందని చెప్పడం, అక్కడినుంచి వచ్చేవాటిని విని రాసుకోవడం. గంట చెప్పరు. గంట అందరికీ తెలిసిందే. నిమిషాలే చెబుతారు. అందుకే ఆఫీసులో అందరికీ ఆమె నిమిషాలమ్మ అయింది. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా బతికి లేదు.

గేటంటే అక్కడేదో తలుపు ఉంటుందని కాదు. ఆకాశంలో ఒక చుక్క, అంతే. కింద నేలమీద ఐదు దేశాల మధ్య ఏర్లూ గుట్టలూ హద్దులుగా ఉన్నాయి. ఆ వంకర గీతలనే ఏనాడో ఎవరో పైకెత్తి ఆకాశంలోనూ పెట్టేశారు. తిన్నగా పోవలసిన విమానం ఏటి వంపుల వెంట తిరిగి, ఒక్కో గేటు దగ్గర ఒక్కో దేశానికి దణ్ణం పెట్టుకుని పోవాలి. ఏడేళ్ళు చర్చలు జరిగాక ఐదు దేశాలూ ఒక మాటమీదికి వచ్చాయి. ఇకమీదట ఆకాశం ఉమ్మడి. దారులు తిన్నగా. ఈ గేటు అరవై మైళ్ళు ఇటు జరుగుతుంది. మూడు దారులు ముడిపడే చోటు మొత్తం అవతలి వాళ్ళ చేతికి పోతుంది. విమానాల సంగతి కంప్యూటర్లే ఒకదానికొకటి చెప్పుకుంటాయి. ఫోను అక్కర్లేదు.

ఇదంతా ఇవాళ మధ్యాహ్నం పన్నెండు నుంచి.

నిమిషాలమ్మ దీనికి వ్యతిరేకమేమీ కాదు. ఒక్కో విమానానికి ఎనిమిదో తొమ్మిదో నిమిషాలు కలిసొస్తాయి. నిమిషం విలువ ఆమెకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? సోమవారం నుంచి ఆమెను పాత పటాలూ ఉత్తర్వులూ దాచే కాగితాల గదికి మార్చారు. నాలుగేళ్ళు అక్కడ గడిపితే రిటైరవుతుంది. అదీ మంచిదే అనుకుంది.

కాని వారం రోజులుగా అన్నం సహించడం లేదు.

పొద్దున ఐదింటికి ఇంట్లో బయల్దేరుతుంటే, ముందుగదిలో కుట్టుమిషను ముందు కూర్చున్న భర్త తల ఎత్తకుండానే, "ఇవాళ్టితో నీ ఫోను గోల వదిలిపోతుంది. ఇక తీరిగ్గా నా గోల విందువుగాని," అని అరిచాడు. అరవడం కోపంతో కాదు. ఆ ఇంట్లో మాట్లాడడమంటేనే అరవడం. అత్తగారికి పదిహేనేళ్ళుగా చెవుడు. ఆమె కోసం పెంచిన గొంతును ఎవరూ మళ్ళీ దించలేదు. భర్త దర్జీ పని చేస్తాడు. కొలతలు తీసుకునేటప్పుడు కూడా "నడుము ముప్ఫై నాలుగు!" అని వీధంతా వినపడేలా అరుస్తాడని ఆడవాళ్ళు రావడం మానేశారు.

"సోమవారం నుంచి ఎక్కడికే?" అని అత్తగారు మంచం మీంచి అడిగింది.

"కాగితాల గదికి!"

"పెళ్ళికా? ఎవరి పెళ్ళి?"

ఆ ఇంట్లో తన చెవి సంగతి ఎవరికీ తెలియకపోవడంలో వింతేముంది? అందరూ అరిచే చోట వినపడనివాళ్ళుండరు.

ఎడమ చెవి రెండేళ్ళ కిందట పోయింది. ఒక జలుబు, నాలుగు రోజుల జ్వరం. జ్వరం తగ్గింది గాని ఆ వైపు లోకం దుప్పటి కప్పుకున్నట్టే ఉండిపోయింది. ఏటా జరిగే చెవి పరీక్షలో, అద్దాల గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా మీట నొక్కమంటారు. పరీక్ష చేసే అతని వేలు అద్దంలో కనపడేది. వేలు కదిలినప్పుడల్లా ఆమె మీట నొక్కింది. "భేషుగ్గా ఉంది" అని అతను సంతకం పెట్టాడు. ఆ కాగితం పట్టుకుని బయటికొచ్చి మెట్లమీద కూర్చుండిపోయింది. చేసింది తప్పని ఆమెకు తెలుసు. ఇంట్లో ఒక చెవిటి మనిషి ఎలా మూలకు జరిగిపోయిందో కూడా తెలుసు. పెళ్ళి పేరంటాల్లో అత్తగారిని కూర్చోబెట్టే కుర్చీ ఎప్పుడూ ఒక్కటే, గోడ పక్కది.

తరవాత కుడి చెవి కూడా అలిసిపోసాగింది. అంకెల్లో మూడు, ఏడు ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి. ఒకరోజు అవతలాయన చెప్పిన అంకెను ఆమె మూడుసార్లు తిరిగి అడిగింది. ఆయన విసుక్కోలేదు. మర్నాటి నుంచి ప్రతి మాటా రెండుసార్లు చెప్పడం మొదలుపెట్టాడు. మొదటిసారి మామూలుగా, రెండోసారి కొంచెం నెమ్మదిగా, అంకె అంకెకూ మధ్య చిన్న ఎడంతో. ఎందుకలా అని ఆమె అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఫోను మాటలన్నీ రికార్డవుతాయి.

ఆయన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. ఇరవై రెండేళ్ళ పరిచయం. సరిహద్దుకు అటూ ఇటూ ఒకటే భాష, ఆయన మాట కొంచెం సాగుతుంది, అంతే తేడా. వయసులో తనకంటే ఐదారేళ్ళు పెద్ద. ఇంట్లో ఒక అన్నగారున్నారు, ఇద్దరూ కలిసే ఉంటారు. టీ చల్లారాక తాగుతాడు. ఇంతకు మించి తెలియదు. విమానాలు లేని ఖాళీలో ఒకటో రెండో మాటలు, అంతే.

మూడు నెలల కిందట షిఫ్టు ఇన్‌ఛార్జి ఆ టేపులు విన్నాడు. "ఏంటమ్మా, మీ ఇద్దరూ ప్రతిదీ రెండేసిసార్లు వల్లె వేస్తారు? పదకొండు సెకన్ల పనికి ఇరవై రెండు సెకన్లు!" అన్నాడు. ఆ లెక్క తీసుకెళ్ళి పెద్దల సమావేశంలో తెరమీద వేసి చూపించాడు. మనుషులు ఎంత ఆలస్యం చేస్తారో చూడండి అని. ఆమె వెనక వరసలో కూర్చుని తెరమీది ఇరవై రెండును చూసింది. ముఖం వేడెక్కింది. తల వంచుకుని కొంగు అంచు దారాలు లాగుతూ కూర్చుంది.

ఆ సమావేశంలోనే ఆమె ఒక్క ప్రశ్న అడిగింది. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో సభలో నోరు విప్పడం అదే మొదలు.

"పన్నెండంటే ఎవరి పన్నెండండీ?"

గదిలో నవ్వులు వినపడ్డాయి. ప్రశ్న వెర్రిదేం కాదు. కంట్రోలు గది గోడకు మూడు గడియారాలుంటాయి. ఒకటి ఇక్కడిది. రెండోది అవతలి దేశానిది, అది అరగంట వెనక నడుస్తుంది. నడుమనున్నది లోకంలోని విమానాలన్నిటికీ కలిపి పెట్టిన ఉమ్మడి గడియారం.

కొత్త పద్ధతి వివరించడానికి వచ్చిన నిపుణుడు ఓపిగ్గానే చెప్పాడు. "మెషిన్లకి ఉమ్మడి గడియారం తప్ప ఇంకోటి తెలీదమ్మా. ఉత్తర్వులోనూ ఆ టైమే వేశారు, ఇక్కడ పన్నెండయ్యేటప్పటిది. మీ పన్నెండు, వాళ్ళ పన్నెండు అంటూ ఏం ఉండవు."

"మెషిన్లో ఆ టైము నొక్కేది మనుషులే కదండీ. అందరి నోటా పన్నెండు పన్నెండు అని నలుగుతోంది. ఎవరన్నా పొరపాటున..."

"రాసుకున్నాం. పరిశీలిస్తాం," అన్నాడు నిపుణుడు. రాసుకోలేదు. ఆమె చూస్తూనే ఉంది, చేతిలో కలమే లేదు.

ఆ సాయంత్రం ఫోనులో ఈ మాట చెబితే అవతలాయన నవ్వలేదు. "నేనూ మావాళ్ళని అడుగుతాను," అన్నాడు. రెండు రోజుల తరవాత, "పెడచెవిన పెట్టారు," అన్నాడు. ఆ మాట కూడా రెండుసార్లు అన్నాడు.

పదకొండు దాటింది. కంట్రోలు గదిలో ఏసీ చలికి అందరూ చేతులు ముడుచుకుని ఉన్నారు. కొత్త తెరలు, కొత్త కుర్చీలు. పక్క బల్ల దగ్గర రాడార్ చూసే అమ్మాయి గోరు కొరుక్కుంటోంది. ముప్ఫై ఏళ్ళుంటాయి. పనిలో చురుకైనది. నిమిషాలమ్మను పిన్నీ అంటుంది.

"పిన్నీ, టెన్షన్‌గా ఉందా?"

"నాకెందుకే టెన్షను. నా పని అయిపోయిందిగా."

అంటూనే చేతిలోని పెన్సిల్‌ను మూడోసారి చెక్కింది.

అవతలాయన గొంతు పొద్దుటినుంచీ ఎప్పటిలాగే ఉంది. పదింటప్పుడు మాత్రం ఆరేడు నిమిషాలు వేరే ఎవరో ఆడపిల్ల పలికింది. ఆమె అంకెలు ఒక్కసారే, గబగబా చెప్పేసరికి నిమిషాలమ్మకు చెమటలు పట్టాయి. అడిగి అడిగి రాసుకుంది. తరవాత మళ్ళీ ఆయనే వచ్చాడు. "టీకి వెళ్ళారా అన్నయ్యగారూ?" అంటే, "చిన్న పని పడింది. చిన్న పని పడింది," అన్నాడు.

పన్నెండయింది.

గదిలో ఎవరో చప్పట్లు కొట్టారు. పెద్ద తెరమీద పాత సరిహద్దు గీత మాయమై, అరవై మైళ్ళు ఇవతల కొత్త గీత వచ్చింది. ఎంత తిన్నగా ఉందో. తూర్పుగా పోతున్న రెండు విమానాలు ఆ గీతను సమీపించాయి. కంప్యూటరు వాటి వివరాలు అవతలికి పంపింది. పక్కన ఆకుపచ్చగా 'అందింది' అని పడింది. రాడార్ అమ్మాయి పైలట్లకు వీడ్కోలు చెప్పి, ఇక అవతలి వాళ్ళతో మాట్లాడమంది.

"చూశారా! నోరు మెదపకుండా అయిపోయింది," అన్నాడు ఇన్‌ఛార్జి. "నిమిషాలమ్మా, ఇక మీరు రెండింటి దాకా ఊరికే కూర్చోవడమే. ఫోను మాత్రం ఎత్తకండి. కొత్త రూలు, గుర్తుందిగా? నోటిమాట కలిస్తే లెక్క తప్పుతుంది."

ఆమె తల ఊపింది. చట్రంలో కాగితపు ముక్క ఒక్కటీ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒళ్ళో పెట్టుకుంది. బల్లమీద పెట్టింది. గోడమీద అవతలి దేశపు గడియారం వైపు చూసింది. పదకొండూ ముప్ఫై మూడు.

అక్కడ ఇంకా పన్నెండు కాలేదు.

ఇది పిచ్చి అనుమానం అనుకుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి ఇరవై ఏడును ముప్ఫై ఏడని రాసింది. పది నిమిషాలు ఒక విమానం ఎవరి లెక్కలోనూ లేకుండా ఎగిరింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరూ తిట్టలేదు కూడా. కాని ఆనాటినుంచి ఇంట్లో పాలు పొయ్యిమీద పెట్టినా గడియారం చూస్తుంది. గ్యాసు కట్టేశానా అని వీధి చివరినుంచి వెనక్కి వెళుతుంది. భర్త ఎగతాళి చేస్తాడు. తనది భయపడే గుణమని ఆమెకు తెలుసు. ఇదీ అలాంటిదే కాబోలు. 'అందింది' అని ఆకుపచ్చగా కనపడుతూనే ఉంది కదా.

పన్నెండూ నాలుగు. మూడో విమానం గీత దగ్గరికి వస్తోంది.

ఆమె ఫోను ఎత్తింది.

ఒక్క గంట కూడా పూర్తిగా మోగలేదు. "చెల్లెమ్మా," అన్నాడు ఆయన. "నీ రెండు విమానాలు నా తెరమీద లేవు. నా తెరమీద లేవు. మాకు గీత మారలేదు. మావాళ్ళు మా పన్నెండు పెట్టారు. మా పన్నెండు పెట్టారు."

"మాకు అందిందని వచ్చిందే?"

"మెషిన్ తీసుకుని లోపల పెట్టుకుంది. పాత గేటు దాకా వస్తేగాని బయటపెట్టదు. పైలట్లు పిలుస్తుంటే మా పిల్ల, ఇంకా మా దగ్గరికి రాలేదు, పాతవాళ్ళతోనే మాట్లాడండి అంటోంది."

అరవై మైళ్ళ ఆకాశం. ఇక్కడివాళ్ళు అక్కడివాళ్ళకు ఇచ్చేశామనుకుంటున్నారు. అక్కడివాళ్ళు ఇంకా ఇక్కడివాళ్ళదేననుకుంటున్నారు. రెండు విమానాలు, వాటిలో మూడు నాలుగు వందల మంది, ఎవరి చూపులోనూ లేకుండా పోతున్నారు.

"ఇంకొకటి విను. నాదొకటి మీవైపు వస్తూ ఎక్కుతోంది. అదే దారిలో, ఎదురుగా. మూడు ఏడు సున్నాకి. మూడు... ఏడు... సున్నాకి."

ఆమె చట్రం వైపు చూసింది. చట్రం ఖాళీ. కాని అంకెలు తలలో ఉన్నాయి. ఇందాక పోయిన రెంటిలో ఒకదాని ఎత్తు మూడు ఐదు సున్నా. ఎదురుగా వచ్చేది దాని ఎత్తును దాటుకునే పైకి పోవాలి.

"ఆపించండి అన్నయ్యగారూ! మూడు మూడు సున్నా దగ్గర ఆపించండి!"

"మూడు మూడు సున్నా. ఆపిస్తున్నా. మూడు మూడు సున్నా. ఆపిస్తున్నా."

రిసీవరు చెవికి ఉండగానే ఆమె పక్కకు తిరిగి అరిచింది. ఇంట్లో అత్తగారితో మాట్లాడేటప్పటి గొంతు అది. ఆ గదిలో అలాంటి గొంతు ఎవరూ ఎన్నడూ వినలేదు.

"అమ్మాయ్, రెంటినీ వెనక్కి తీసుకో! అవతల గీత మారలేదు! మూడోదాన్ని వదలకు!"

ఇన్‌ఛార్జి పరుగెత్తుకొచ్చాడు. "ఫోను ఎందుకెత్తారు? ఎవరు చెప్పారు మీకు?"

"వాళ్ళు వాళ్ళ పన్నెండు పెట్టుకున్నారండీ."

ఆయన నోరు తెరిచి, గోడమీది గడియారం చూసి, మూశాడు. అంతవరకూ ఎర్రగా ఉన్న ముఖం సున్నం కొట్టినట్టయింది. పొరపాటు చెడ్డదేగాని మనిషి మొద్దు కాదు. రెండు సెకన్లలో తేరుకున్నాడు. "పాత గీతే. అరగంట దాకా పాత గీతే. అన్నీ నోటిమాటే. నిమిషాలమ్మా, కానివ్వండి."

రాడార్ అమ్మాయి పైలట్లను పిలిచింది. మొదటివాడు వెంటనే పలికాడు. రెండోవాడు పలకలేదు. మళ్ళీ పిలిచింది. పలకలేదు. మధ్యలో ఎవరి మాటలో, ఎవరి గరగరో. నిమిషాలమ్మ బల్ల అంచు పట్టుకుంది. పలకనివాడే మూడు ఐదు సున్నాలో ఉన్నవాడు. తెరమీద ఎదురెదురుగా రెండు చుక్కలు. తెర మారినప్పుడల్లా చెరో కాస్త దగ్గరికి జరుగుతున్నాయి. నాలుగోసారి పిలిచాక పైలట్ గొంతు వినపడింది. ఏమీ తెలియని మామూలు గొంతు. ఉన్నామండీ, అటువాళ్ళు పొమ్మంటే వచ్చాం అన్నాడు.

"నాది ఆగింది చెల్లెమ్మా," అన్నాడు అవతలాయన. "మూడు మూడు సున్నా దగ్గర ఆగింది. మూడు మూడు సున్నా దగ్గర ఆగింది."

చుక్కలు రెండూ ఒకదానిమీదుగా ఒకటి దాటిపోయాయి. నడుమ రెండు వేల అడుగులు. విమానాల్లో ఉన్నవాళ్ళు ఏదో తాగుతూ ఉండి ఉంటారు. ఎవరో పిల్ల కిటికీలోంచి చూసి, అమ్మా ఇంకో విమానం అని ఉంటుంది.

తరవాతి ఇరవై రెండు నిమిషాల్లో పదకొండు విమానాలు. ఆమె చెప్పింది, ఆయన రెండుసార్లు తిరిగి చెప్పాడు. ఆయన చెప్పాడు, ఆమె రాసింది. కాగితపు ముక్కలు చట్రంలో ఒకదానికింద ఒకటి పేరుకున్నాయి. ఇన్‌ఛార్జి ఆమె భుజం వెనక నిలబడి ప్రతి అంకెనూ వింటున్నాడు. స్పీకరు పెట్టించాడు కాబట్టి గదంతా వింటోంది. ఆ రెండోసారి మాట ఎంత నెమ్మదిగా, ఎంత విడివిడిగా ఉందో అందరికీ తెలిసింది. ఈసారి సెకన్లు ఎవరూ లెక్కపెట్టలేదు.

పన్నెండున్నర. అవతల గీత మారింది.

"వచ్చేశాయి," అన్నాడు ఆయన. "అన్నీ నా తెరమీదకి వచ్చేశాయి. ఇక మెషిన్లే చూసుకుంటాయి చెల్లెమ్మా."

ఒక్కసారే చెప్పాడు. స్పీకరులో ఉంది గనక వినపడింది.

ఇన్‌ఛార్జి అవతలివైపు అధికారితో మాట్లాడడానికి తన గదిలోకి పరుగెత్తాడు. స్పీకరు ఆగింది. ఆమె రిసీవరును రెండు చేతులతో పట్టుకుంది.

"అన్నయ్యగారూ, మీరు ఈ రెండేళ్ళూ..."

"లైను వింటుంది చెల్లెమ్మా," అన్నాడు ఆయన మెల్లగా. "ఊరుకో. నీ గొంతు ఇవాళ బాగా వినపడింది. ఉంటాను."

ఆమె రిసీవరు పెట్టేసింది. రాడార్ అమ్మాయి నీళ్ళు తెచ్చి పక్కన కూర్చుంది. గ్లాసు అంచు పళ్ళకు తగిలి టకటకలాడింది. ఇప్పుడు భయపడడానికి ఏమీ లేదని ఆమెకు తెలుసు. శరీరానికి తెలియలేదు. జవాబు రాని ఆ మూడు పిలుపులూ మళ్ళీ మళ్ళీ వినపడుతున్నాయి. కుడివైపు కాదు. రెండేళ్ళుగా ఏమీ వినని ఎడమవైపు.

ఒంటిగంటన్నరకు ఇన్‌ఛార్జి రిపోర్టు పట్టుకొచ్చాడు. ఒకటే పేజీ. 'అమలు వేళలో స్వల్ప వ్యత్యాసం. సిబ్బంది అప్రమత్తత వల్ల అంతరాయం కలగలేదు.' కింద ఆమె సంతకానికి చోటు వదిలారు.

"రెండు దేశాలవాళ్ళూ కలిసి రేపు టేపులు వింటారు," అన్నాడు. ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు. "ఆ రోజు మీటింగులో మీ మాట వినాల్సిందమ్మా. నేనూ నవ్వాను."

ఆమె కలం తీసుకుంది. సంతకం పెట్టలేదు. టేపులు వింటారు. వింటే అవతలాయన ప్రతిదీ రెండుసార్లు ఎందుకు చెప్పాడని అడుగుతారు. ఇరవై రెండు సెకన్లు మళ్ళీ తెరమీద పడతాయి. ఈసారి ఆయన పేరు పక్కన.

"నా ఎడమ చెవి వినపడదండీ," అంది. "రెండేళ్ళయింది. కుడిదీ అంతంత మాత్రమే. పరీక్షలో దొంగతనంగా గట్టెక్కాను. ఆయన కనిపెట్టి, ఎవరికీ చెప్పకుండా, నా కోసం రెండుసార్లు చెప్పేవాడు. అది కూడా రాయండి."

ఇన్‌ఛార్జి పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఇప్పుడెందుకమ్మా చెబుతున్నారు? సోమవారం నుంచి మీకు ఫోనే లేదు. ఎవరికీ తెలిసేది కాదు."

"ఆయన్ని ఎవరూ తప్పు పట్టకూడదు. తప్పు నాది. ముందే చెప్పాల్సింది."

"ఉద్యోగానికే ఎసరు రావచ్చు."

"తెలుసండీ."

ఆయన కాగితం తీసుకున్నాడు. పైనున్న రెండు వాక్యాలనూ మళ్ళీ చదువుకున్నాడు. కొట్టెయ్యలేదు, కలపలేదు. మడిచి జేబులో పెట్టుకుని, "ఇది ఇలా కాదు. మళ్ళీ రాస్తాను. మొదటినుంచి రాస్తాను," అంటూ వెళ్ళిపోయాడు. ఏమని రాస్తాడో ఆమెకు తెలియదు. అయినా, వారం రోజుల తరవాత ఆకలి వేసింది.

రెండు కావస్తుంటే ఫోను మెకానిక్ వచ్చాడు. బల్ల పక్కన సంచి దించి, స్క్రూ డ్రైవరు తీసి, "తీసెయ్యనా అమ్మా?" అని అడిగాడు.

"ఒక్క నిమిషం నాయనా."

ఆమె రిసీవరు ఎత్తింది. తన చెవి సంగతి చెప్పేశానని ఆయనకు చెప్పాలి. రేపు అడిగితే దాచనక్కర్లేదని చెప్పాలి. ఇక లైను వింటే విననీ.

నాలుగుసార్లు మోగాక పలికింది ఆడపిల్ల గొంతు. పదింటప్పుడు పలికిన గొంతే.

"అన్నయ్యగారున్నారా అమ్మా?"

"లేరండీ. మా పన్నెండు కాగానే వెళ్ళిపోయారు."

"వెళ్ళిపోయారా? ఆయన డ్యూటీ రెండింటి దాకా కదా?"

"మీకు చెప్పలేదాండీ? పొద్దున మా తొమ్మిదిన్నరప్పుడు వాళ్ళన్నగారు పోయారు. ఇంటినుంచి కబురొచ్చింది. వెంటనే వెళ్ళమని మేమందరం అన్నాం. సాయంత్రం దాకా తీసుకెళ్ళరు, పన్నెండు దాటనివ్వండి, అవతల ఆమె భయపడుతోంది అన్నారు."

చెవిలో ఏదో హోరు. ఆమె మధ్యలో కొన్ని మాటలు పోగొట్టుకుంది.

"మళ్ళీ ఒకసారి చెబుతావా తల్లీ? నాకు సరిగ్గా వినపడదు."

ఆ పిల్ల మళ్ళీ చెప్పింది. ఈసారి నెమ్మదిగా, మాట మాటకూ మధ్య ఎడమిచ్చి. చెప్పడం అయ్యాక, "ఆయన పోస్టు కూడా ఇవాళ్టితో ఆఖరు కదండీ. ఇక రారు. హడావిడిలో స్వెటరు ఇక్కడే వదిలేసి వెళ్ళారు," అంది.

"స్వెటరా?"

"అవునండీ. కుర్చీకే ఉంది."

నిమిషాలమ్మ రిసీవరును చెవికి ఇంకాస్త గట్టిగా నొక్కుకుంది. మెకానిక్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"ఏ రంగు తల్లీ?"

"ఊదా రంగండీ. పాతదే. మోచెయ్యి దగ్గర చిరిగితే ఎవరో నల్ల ఊలుతో అల్లారు, అతుకు తెలిసిపోతోంది. ఎవరి చేతనైనా ఇంటికి పంపించమంటారా?"

"పంపించు. కాసేపాగి పంపించు."

ఆమె ఎన్నడూ అడుగుపెట్టని గదిలో, ఖాళీ కుర్చీ వీపుకు, రెండు చేతులూ కిందికి వేలాడేసుకుని, నల్ల ఊలు అతుకుతో ఊదారంగు స్వెటరు.